డిస్‌ప్లే పోతే మదర్‌బోర్డు పోయినట్టేనా?

ప్రశ్న: మాది విశాఖపట్నం, పెదవాల్తేరు. ఇంట్లోనే కూర్చుని కొన్ని షాపులకి టాలీలో లెక్కలు రాసి, జీఎస్‌టీ రిటర్నులు వేస్తుంటాను. నా ల్యాప్‌టాప్ కొని నాలుగేళ్ళు. నెల రోజుల నుంచి స్క్రీన్ మీద నిలువుగా గీతలు వచ్చేవి, మూత కాస్త వెనక్కి వంచితే పోయేవి. పోయిన వారం పూర్తిగా నల్లబడిపోయింది. ఆన్ చేస్తే లైటు వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది. వేలిముద్ర పెడితే కాసేపటికి వాట్సాప్ శబ్దాలు కూడా వినిపిస్తున్నాయి. షాపులో చూపిస్తే ఐదు నిమిషాల్లో "మదర్‌బోర్డు పోయింది మేడమ్, దీనికి ఖర్చు పెట్టడం కంటే కొత్తది కొనుక్కోండి" అన్నారు. మా మరిది హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో టీవీకి తగిలించి చూశాడు. టీవీలో "నో సిగ్నల్" అని వచ్చింది. అంటే షాపువాళ్ళు చెప్పింది నిజమేనా? రిటర్నులు వేయాల్సిన 20వ తేదీ దగ్గర పడుతోంది, డేటా అంతా అందులోనే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఇంకో సంగతి, మావారి ఆఫీసులో పక్కన పడేసిన పాత మానిటర్ ఒకటి ఉంది. దాని వెనక నీలం రంగు పిన్నుల సాకెట్ ఒక్కటే ఉంది. అది నా ల్యాప్‌టాప్‌కి పనికొస్తుందా?

జవాబు: కొత్త ల్యాప్‌టాప్‌కి అడ్వాన్స్ ఇవ్వకపోతే ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే రెండు రోజులు ఆగమని చెప్పండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే అది మదర్‌బోర్డు గొడవలా లేదు.

మూత వెనక్కి వంచితే గీతలు పోయేవన్నారు కదా. షాపులో ఈ మాట చెప్పారో లేదో నాకు తెలీదు గానీ, మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. మదర్‌బోర్డు, అంటే ల్యాప్‌టాప్‌లోని ప్రధాన సర్క్యూట్ బోర్డు, కీబోర్డు కింద స్క్రూలతో బిగించి ఉంటుంది. మూత ఎటు వంచినా అది కదలదు. బొమ్మను స్క్రీన్ దాకా మోసుకెళ్ళే సామగ్రిలో మూతతో పాటు వంగేది డిస్‌ప్లే కేబుల్ ఒక్కటే. సన్నటి తీగల కట్ట అది. మదర్‌బోర్డు మీది సాకెట్ నుంచి బయల్దేరి, మూత తిరిగే కీలు పక్కగా దూరి, స్క్రీన్ ప్యానెల్ వెనక మరో సాకెట్‌లో కూర్చుంటుంది. మీరు మూత తెరిచి మూసిన ప్రతిసారీ ఆ కీలు దగ్గర కేబుల్ వంగుతుంది. నాలుగేళ్ళలో లోపల ఒక తీగ తెగడమో, చివరి పిన్నులు వదులవడమో మామూలే. తీగ తెగీ తెగనట్టుగా ఉన్నన్నాళ్ళూ గీతలు వస్తాయి, పూర్తిగా తెగితే స్క్రీన్ నల్లబడుతుంది. మీకు జరిగినది సరిగ్గా ఈ వరసలోనే ఉంది.

రెండో ఆధారం ఆ వాట్సాప్ శబ్దాలు. విండోస్ తెరుచుకుని, మీ వేలిముద్రని గుర్తుపట్టి, వైఫైకి కలిస్తేనే అవి వస్తాయి. ప్రాసెసర్, ర్యామ్, డిస్క్ అన్నీ పనిచేస్తున్నాయన్నమాట. ఇంకా అనుమానంగా ఉంటే క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. నొక్కినప్పుడల్లా దాని చిన్న లైటు వెలిగి ఆరుతుంటే మిషను మీ మాట వింటున్నట్టే. కొళాయిలో నీళ్ళు రాకపోతే ముందు పైపు చూస్తాం గానీ, మోటారు మార్చేయం కదా. శబ్దం వస్తోంది, బొమ్మ రావడం లేదు, కాబట్టి మదర్‌బోర్డు పోయింది అని ఐదు నిమిషాల్లో తేల్చేయడం ఆ రెండో పని లాంటిదే.

ఇక టీవీ సంగతి. మీ మరిదికి వచ్చిన ఆలోచన సరైనదే. వేరే స్క్రీన్‌కి తగిలించి చూడకుండా ల్యాప్‌టాప్ డిస్‌ప్లే గురించి ఎవరేం చెప్పినా నమ్మక్కర్లేదని నా అభిప్రాయం. కాకపోతే "నో సిగ్నల్" అంటే ఈ సాకెట్ దగ్గరికి నాకేమీ రాలేదని టీవీ చెబుతోంది, అంతే. ఎందుకు రాలేదో దానికి తెలీదు. కేబుల్ పోయి ఉండొచ్చు. టీవీలో హెచ్‌డీఎమ్‌ఐ 1 పెట్టి ఉండి, కేబుల్ 2లో గుచ్చి ఉండొచ్చు. ల్యాప్‌టాప్ బొమ్మని తన సొంత స్క్రీన్‌కి మాత్రమే పంపిస్తూ ఉండొచ్చు. ఈ మూడింట్లో ఏదైనా వచ్చే సందేశం అదే.

మళ్ళీ ఒకసారి ఇలా చేసి చూడండి. టీవీ వెనక్కి అసలు పోకండి. మీ సెట్‌టాప్ బాక్సు హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్‌తో టీవీకి కలిసి ఉంటే, టీవీలో ఏదో ఒక చానల్ బొమ్మ వస్తుండగా ఆ కేబుల్‌ని బాక్సు వైపు నుంచి మాత్రం పీకి, అదే కొసని ల్యాప్‌టాప్‌లో పెట్టండి. నిమిషం కిందటి దాకా బొమ్మ వచ్చింది కాబట్టి కేబుల్ మంచిదే, టీవీ సాకెట్ మంచిదే, రిమోట్‌లో సోర్స్ కూడా సరిగ్గానే ఉంది. ఇంకా "నో సిగ్నల్" అంటే ఇక చూడాల్సింది ల్యాప్‌టాప్ వైపే. (ఇంట్లో సీరియల్ చూసేవాళ్ళు ఉంటే ఆ సమయం మాత్రం తప్పించండి.) మీది పాత బాక్సు అయి, ఎరుపు, తెలుపు, పసుపు వైర్లతో ఉంటే ఈ ఉపాయం కుదరదు. అప్పుడు పక్కింటివాళ్ళ హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ ఒక పూట అడగండి. టీవీ వెనక సాకెట్ పక్కన అచ్చేసి ఉన్న అంకె, రిమోట్‌లో ఎంచుకున్న అంకె ఒకటేనో కాదో చూసుకోండి.

ల్యాప్‌టాప్ ఆన్ చేసి, ఎప్పటిలాగే వేలిముద్ర పెట్టి, వాట్సాప్ శబ్దం వచ్చేదాకా ఆగండి. తర్వాత విండోస్ బొమ్మ ఉన్న కీ పట్టుకుని పి నొక్కండి. మీకు కనిపించకపోయినా అక్కడ నాలుగు వరసల పట్టీ ఒకటి తెరుచుకుంటుంది. మొదటిది ల్యాప్‌టాప్ స్క్రీన్ మాత్రమే, రెండోది రెండింట్లోనూ ఒకే బొమ్మ, మూడోది రెండింటినీ కలిపి ఒకే పెద్ద స్క్రీన్‌గా వాడుకోవడం, నాలుగోది టీవీ మాత్రమే. మీది మొదటి దాని మీద ఉండిపోయి ఉంటుందని నా అనుమానం. కింది బాణం కీ ఒకసారి నొక్కి ఎంటర్ కొట్టి, పది సెకన్లు టీవీ వైపు చూడండి. రాకపోతే మళ్ళీ విండోస్ కీ, పి, కింది బాణం, ఎంటర్. తొందరపడి వరసగా నొక్కేస్తే ఎక్కడున్నారో మీకే తెలీదు, కాబట్టి ప్రతిసారీ ఆగండి. అప్పటికీ రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్ మూడూ పట్టుకుని బి నొక్కండి. అది గ్రాఫిక్స్ డ్రైవర్‌ని, అంటే బొమ్మ తయారుచేసే చిప్‌ని నడిపే సాఫ్ట్‌వేర్‌ని, మళ్ళీ మొదలుపెడుతుంది, బీప్ అని చిన్న శబ్దం వస్తుంది. తెరిచి ఉన్న టాలీకి దానివల్ల ఏమీ కాదు.

టీవీలో బొమ్మ శుభ్రంగా, ఒక్క గీత కూడా లేకుండా వచ్చిందనుకోండి. గ్రాఫిక్స్ చిప్ బొమ్మని సరిగ్గానే తయారుచేస్తోంది, తప్పు దాని తర్వాత ఉంది: కేబుల్, ప్యానెల్, ప్యానెల్ వెనక వెలుగునిచ్చే బ్యాక్‌లైట్, ఈ మూడింట్లో ఒకటి. మీకు వచ్చేది ఇదేనని నేననుకుంటున్నాను. టీవీలో కూడా అవే గీతలు వస్తే మాత్రం అనుమానం గ్రాఫిక్స్ వైపు తిరుగుతుంది. అప్పుడు కూడా వెంటనే బోర్డు మార్చక్కర్లేదు. ఆన్ చేయగానే కంపెనీ లోగో వచ్చే దగ్గర్నుంచే గీతలుంటే హార్డ్‌వేర్ తప్పు. లోగో శుభ్రంగా వచ్చి, విండోస్ తెరుచుకున్నాకే గీతలు మొదలైతే డ్రైవర్ తప్పు కావచ్చు. అది డబ్బులు ఖర్చు కాకుండా పోయేదే.

ఈ టీవీ పరీక్షకి ఒక లొసుగు ఉంది, అది కూడా చెప్పాలి. గేమింగ్ ల్యాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి. వాటిలో కొన్నింట్లో హెచ్‌డీఎమ్‌ఐ సాకెట్ ఒక చిప్‌కి, సొంత స్క్రీన్ ఇంకో చిప్‌కి కలిసి ఉంటాయి. అలాంటివాటిలో టీవీలో బొమ్మ బాగా వచ్చినంత మాత్రాన రెండో చిప్ బాగున్నట్టు కాదు. మీది లెక్కలు రాసుకునే మామూలు మిషను, ఒకటే చిప్ ఉండి ఉంటుంది కాబట్టి మీరు దీని గురించి బెంగపడక్కర్లేదు. ఇంజనీరింగ్ చదివే పిల్లల ల్యాప్‌టాప్ ఇలా అయిన తల్లిదండ్రులు మాత్రం గుర్తుపెట్టుకోండి.

టీవీలో బొమ్మ వచ్చాక ఇంకొక్క పని. గదిలో లైటు తీసేసి, ఫోన్ టార్చి ల్యాప్‌టాప్ స్క్రీన్‌కి దగ్గరగా ఏటవాలుగా వేసి పరిశీలనగా చూడండి. టార్చి వెలుగు పడినచోట మీ డెస్క్‌టాప్ బొమ్మ, ఐకాన్లు మసకగా నీడల్లా కనిపిస్తే స్క్రీన్ బొమ్మ వేస్తోంది, వెనక వెలుగు మాత్రమే లేదు. అప్పుడు బ్యాక్‌లైట్‌నో, దానికి కరెంటు ఇచ్చే దారినో చూడాలి. ఆ దారిలో మదర్‌బోర్డు మీద బియ్యపు గింజ కంటే చిన్న ఫ్యూజు ఒకటుంటుంది. అది కాలిపోయినా స్క్రీన్ ఇలాగే చీకటైపోతుంది. బోర్డు రిపేరు తెలిసినవాళ్ళు ఆ ఒక్కటే మార్చగలరు. టార్చి వేసినా ఏమీ కనిపించకపోతే కేబుల్ లేదా ప్యానెల్ అనుకోవచ్చు.

ఇంకా గీతల దశలోనే ఉన్న పాఠకులకి ఇంతకంటే తేలిక పరీక్ష ఉంది. గీతలు కనిపిస్తుండగా ఒక స్క్రీన్‌షాట్ తీసి, ఫోన్‌కి పంపి, ఫోన్‌లో చూడండి. ఫోన్‌లో గీతలు లేకపోతే తప్పు స్క్రీన్ వైపు, ఉంటే గ్రాఫిక్స్ వైపు. డెల్ ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు మిషను ఆపేసి, డి కీ పట్టుకుని పవర్ బటన్ నొక్కితే స్క్రీన్ తనని తానే పరీక్షించుకుంటుంది. తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒకదాని తర్వాత ఒకటి నిండుగా వస్తాయి. ఆ రంగుల మీద కూడా గీతలుంటే విండోస్‌ని అనుమానించాల్సిన పనిలేదు.

మళ్ళీ మీ దగ్గరికి వస్తే, బొమ్మ కనిపించగానే మొదట చేయాల్సింది రిపేరు కాదు, బ్యాకప్. టాలీప్రైమ్‌లో ఆల్ట్ పట్టుకుని వై నొక్కితే వచ్చే మెనూలో బ్యాకప్ ఉంటుంది. కంపెనీలన్నీ ఎంచుకుని ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి, ఇంకో కాపీ ఏదైనా క్లౌడ్‌లో పెట్టండి. రిటర్నుల ఎక్సెల్ ఫైళ్ళు, ఖాతాదారుల బిల్లుల ఫోల్డర్లు కూడా మర్చిపోవద్దు. అలాగే మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి వెళ్ళి బిట్‌లాకర్ రికవరీ కీ ఉందేమో చూసి, 48 అంకెలూ కాగితం మీద రాసి పెట్టుకోండి. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో డిస్క్‌కి మనకి తెలియకుండానే తాళం పడి ఉంటుంది. రేపెప్పుడైనా నిజంగానే బోర్డు మార్చాల్సి వస్తే ఆ కీ అడుగుతుంది. లేకపోతే డిస్క్ బాగానే ఉన్నా లోపలి లెక్కలు చేతికి రావు.

20వ తేదీ దాకా టీవీ మీదే పనిచేసుకోవచ్చు. దానికి రెండు మూడు సర్దుబాట్లు కావాలి. విండోస్ అంచునున్న పట్టీ టీవీలో సగం కోసేసినట్టు కనిపిస్తే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు. టీవీ బొమ్మని కొంచెం పెద్దది చేసి అంచులు కోసేస్తోంది. టీవీ పిక్చర్ సెట్టింగ్స్‌లో జస్ట్ స్కాన్ అనో, స్క్రీన్ ఫిట్ అనో ఉంటుంది, అది పెట్టండి. అక్షరాలు మసకగా ఉంటే టీవీ హెచ్‌డీ రెడీ రకం అయి ఉండొచ్చు. దాని అసలు చుక్కలు 1366 అడ్డం, 768 నిలువు. అంతకంటే ఎక్కువ రిజల్యూషన్ పెడితే టాలీ అంకెల్లో 3కీ 8కీ తేడా తెలీదు, కాబట్టి డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రికమెండెడ్ అని రాసి ఉన్నదే ఉంచండి. మౌస్ కదిలిస్తే బాణం ఆలస్యంగా వస్తున్నట్టుంటే టీవీలో గేమ్ మోడ్ పెట్టండి. మూత మూసేసి పనిచేద్దామనుకుంటే కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్ తెరిచి, మూత మూస్తే ఏం చేయాలన్న చోట డూ నథింగ్ పెట్టాలి. కానీ మే నెల ఉక్కలో, మూత మూసి, పరుపు మీద పెట్టి గంటలకొద్దీ నడపకండి. గాలి ఆడక వేడెక్కిపోతుంది.

ఇప్పుడు షాపు. ద్వారకానగర్‌లో కంప్యూటర్ షాపులు బోలెడున్నాయి, ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు దిగి నడిచి వెళ్ళేంత దూరం. ఈసారి వెళ్ళేటప్పుడు "డిస్‌ప్లే రావట్లేదు" అనకండి. "టీవీకి పెడితే బొమ్మ బాగా వస్తోంది. సొంత స్క్రీన్‌కి రావట్లేదు. నల్లబడకముందు మూత వంచితే గీతలు మారేవి. ముందు డిస్‌ప్లే కేబుల్ తీసి పెట్టి చూడండి" అనండి. షాపులోనే ఒక మానిటర్‌కి తగిలించి మీ ఎదురుగా చూపించమనండి. ఈ నాలుగు మాటలు చెప్పిన కస్టమర్‌తో మదర్‌బోర్డు పోయిందనడం అంత సులువు కాదు. అందరూ మోసం చేస్తారని నా ఉద్దేశం కాదు. చాలాచోట్ల కౌంటర్‌లో ఉన్న కుర్రాడికి బోర్డు మార్చడం చేతనవును, తప్పు ఎక్కడుందో వెతకడం చేతకాదు.

కేబుల్‌కి ఎంత, ప్యానెల్‌కి ఎంత, బోర్డుకి ఎంత అని మూడు ధరలు విడివిడిగా అడగండి. కేబుల్ చౌక, ప్యానెల్ దానికంటే బాగా ఎక్కువ. అందుకే ఆ వరసలోనే పరీక్షించాలి. స్క్రీన్ విప్పేముందు బ్యాటరీ కనెక్షన్ తీశారో లేదో గమనించండి. బ్యాటరీ ఉండగా డిస్‌ప్లే కేబుల్ పీకితే ఇందాక చెప్పిన ఫ్యూజు కాలిపోయే అవకాశం ఉంది. ప్యానెల్ మార్చాల్సి వస్తే పాత ప్యానెల్ వెనక స్టిక్కర్ మీది నంబరు ఫోటో తీసుకోండి. ఆ నంబరులో 156 అని ఉంటే 15.6 అంగుళాల స్క్రీన్, 140 అని ఉంటే 14 అంగుళాలది. సైజు సరిపోగానే అయిపోదు. రిజల్యూషన్, కేబుల్ పిన్నుల సంఖ్య, స్క్రూలు పట్టే చెవుల చోటు కూడా పాతదానితో కలవాలి. పిన్నులు 30 ఉన్నదానికి 40ది తెచ్చి పెట్టలేరు. మీది ఐపీఎస్ ప్యానెల్ అయితే కొత్తది కూడా ఐపీఎస్సే అడగండి. లేకపోతే పక్కనుంచి చూసినప్పుడు రంగులు వెలిసిపోయినట్టు ఉంటుంది. పాత ప్యానెల్, పాత కేబుల్ మీకు తిరిగివ్వమనండి, మార్చిన సామాను పేరు బిల్లులో రాయించుకోండి. బిల్లు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదనుకోండి.

ఎవరైనా గ్రాఫిక్స్ చిప్‌కి హీట్ గన్‌తో వేడిపెట్టి బాగుచేస్తామంటే మాత్రం వద్దనండి. అలా బతికించిన చిప్ కొన్నాళ్ళే పనిచేస్తుంది. ఆ డబ్బు కొత్తదానికి దాచుకోవడం నయం.

మీది పెదవాల్తేరు కాబట్టి ఇంకో మాట. సముద్రం దగ్గరి ఇళ్ళల్లో కిటికీ గ్రిల్స్‌ని ఉప్పుగాలి ఏం చేస్తుందో మీరు చూస్తూనే ఉంటారు. ల్యాప్‌టాప్ లోపలి సన్నటి పిన్నుల మీద కూడా ఆ గాలి, తేమ కలిసి పొరలా పడతాయి. కేబుల్ తెగకుండానే, పిన్నుల మీది ఆ పొర వల్ల గీతలు వచ్చే సందర్భాలున్నాయి. అప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి మళ్ళీ గట్టిగా కూర్చోబెడితే సరిపోతుంది. కేబుల్ మార్చేముందు ఆ పని చేసి చూడమనండి. ఇంట్లో మీరు చేయగలిగింది, సముద్రం వైపు తెరిచిన కిటికీ కింద ల్యాప్‌టాప్ పెట్టుకోకపోవడం. ఏసీ గదిలో చల్లబడిన మిషన్‌ని బాల్కనీలోకి తెచ్చి వెంటనే ఆన్ చేయొద్దు. చల్లటి వస్తువు మీద తేమ గాలి నీళ్ళు పట్టిస్తుంది.

చివరగా మీవారి ఆఫీసు మానిటర్ సంగతి అడిగారు. ఆ నీలం రంగు 15 పిన్నుల సాకెట్ పేరు వీజీఏ. మానిటర్ బాగుంటే పనికొస్తుంది, రోజూ టాలీ రాసుకోవడానికి టీవీ కంటే అదే సుఖం కూడా. మధ్యలో ఒక కన్వర్టర్ కావాలి. హెచ్‌డీఎమ్‌ఐలో వచ్చేది డిజిటల్ సిగ్నల్, వీజీఏకి కావాల్సింది అనలాగ్. కాబట్టి అటు ఒక రకం, ఇటు ఒక రకం ప్లగ్గు ఉన్న ఉత్త వైరు కొంటే పనిచేయదు, లోపల చిప్ ఉన్నదే తీసుకోండి. ఈ కన్వర్టర్లు ఒక దిక్కుకే పనిచేస్తాయి. షాపులో "వీజీఏ కన్వర్టర్ ఇవ్వండి" అంటే చేతికందింది ఇచ్చేస్తారు. "ల్యాప్‌టాప్‌లో హెచ్‌డీఎమ్‌ఐ, మానిటర్‌కి వీజీఏ" అని చెప్పి అడగండి, వీలైతే అక్కడే తగిలించి చూసుకోండి.